పహాణీ నుంచి హ్యాష్ విలువ దాకా: జోగిపేట సీమలో సాక్ష్యం చరిత్ర

తెలంగాణ చరిత్రలో జోగిపేట అనగానే గుర్తొచ్చేది 1930 మార్చి. నిజాం రాష్ట్రంలోని తెలుగువాళ్ల తొలి ఆంధ్ర మహాసభ ఆ నెలలో ఇక్కడే జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ నడిచింది. ఆ సభలను భాషాభిమానానికీ సంఘసంస్కరణకూ గుర్తుగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ ఉద్యమాన్ని నడిపించినవాళ్ల వృత్తి గురించి మాత్రం ఎక్కువగా ఆలోచించం. ప్రతాపరెడ్డి మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. ఉద్యమానికి పెద్దదిక్కులైన మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు హైదరాబాదు వకీళ్లు. కక్షిదారుడికి అర్థంకాని భాషలో ఉన్న కాగితాన్ని చదివి, అందులో ఎవరి పేరు ఎప్పుడు ఎక్కిందో, ఎప్పుడు పోయిందో తేల్చడం ఆ కాలపు వకీలు పనిలో పెద్ద భాగం. ఇవాళ న్యాయవాద వృత్తిలో ఎలక్ట్రానిక్ డిస్కవరీ అనే కొత్త నైపుణ్యం గురించి మాట్లాడుకుంటున్నాం. ఈమెయిళ్లు, సర్వర్లలోని ఫైళ్లు, ఫోన్ సందేశాలు, డేటాబేసుల నుంచి దావాకు పనికొచ్చే సాక్ష్యాన్ని వెలికితీసి, ఎదుటి పక్షానికి చూపించి, కోర్టులో నిలబెట్టే విద్య అది. దీన్ని అమెరికా నుంచి వచ్చిన విద్యగా పరిచయం చేస్తుంటారు. పేరు అక్కడిదే. దాని మూలప్రశ్నలు మాత్రం జోగిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు సీమకు వందేళ్లకు పైగా తెలిసినవే. ఈ రాత ఎవరు రాశారు? ఎప్పుడు మార్చారు? దీనికి మరో ప్రతి ఎవరి దగ్గరుంది? ఈ సీమ చరిత్రను ఆ మూడు ప్రశ్నలతో చదివితే ఒక సంగతి తేలుతుంది. రికార్డు కాగితం మీదున్నా కంప్యూటర్లో ఉన్నా, దాన్ని నమ్మదగిన సాక్ష్యంగా నిలబెట్టేది ఎదుటి పక్షం మార్పుల జాడను చూడగలగడమే. ఆ వీలున్నచోట న్యాయం కొంతైనా నిలబడింది. లేనిచోట, రికార్డు ఎవరి చేతిలో ఉంటే గెలుపు వాళ్లదే అయింది.

హైదరాబాదు దివాను మొదటి సాలార్ జంగ్ 1865లో జిల్లాబందీ (రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టే ఏర్పాటు) తెచ్చి, ఆ తర్వాత పదేళ్లకు భూమి సర్వే మొదలుపెట్టించాక హైదరాబాదు రాజ్యంలో భూమికి లిఖిత చరిత్ర ఏర్పడింది. సర్వే నంబర్లు వేసి, విస్తీర్ణం కొలిచి, తొలి పట్టాదారు పేరు రాసిన పట్టిక సేత్వార్. ఏటేటా ఏ నంబరులో ఏ పంట వేశారు, నీరు ఎక్కడిది, శిస్తు ఎంత, పట్టా ఎవరిది, సాగు ఎవరిది అని ఊళ్లో రాసుకునే లెక్క పహాణీ. 1317 ఫస్లీ నాటి, అంటే 1907 ప్రాంతపు హైదరాబాదు భూమి శిస్తు చట్టం ఈ లెక్కలన్నిటికీ ఆధారం. ఊళ్లో ఈ దస్త్రాలు పట్వారీ ఇంట్లో ఉండేవి. మాలీ పటేల్ శిస్తు వసూలు చూసేవాడు, పోలీస్ పటేల్ శాంతిభద్రతలు చూసేవాడు, రాతపని మొత్తం పట్వారీది. ఆ పదవి వంశపారంపర్యం. గుడ్డలో కట్టిన దస్త్రాల మూట తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. భాష మొదట పారసీ, 1880ల నుంచి ఉర్దూ. భూమి దున్నేది తెలుగువాడు; ఆ భూమి ఎవరిదో చెప్పే రాత అతను చదవలేని భాషలో, అతను అడుగుపెట్టడానికి జంకే ఇంట్లో ఉండేది. పట్వారీ కలం గురించి తెలంగాణ పల్లెల్లో అంత భయం ఊరికే పుట్టలేదు.

అయితే ఆ వ్యవస్థ నిర్మాణంలో ఒక మంచి ఉంది, దాన్ని గమనించకపోతే తర్వాతి చరిత్ర అర్థం కాదు. ఒకే సమాచారం ఒకచోటే ఉండేది కాదు. సేత్వార్ సర్వే శాఖ దగ్గర, పహాణీ ఊళ్లో, దాని సారాంశం తహసీలులో, ఏడాదికోసారి పై అధికారులు జమాబందీలో సరిచూసే లెక్కలు వేరే. పట్వారీ తన ఇంట్లోని పహాణీలో ఒక పేరు కొట్టేసి మరో పేరు రాసినా, తహసీలులోని ప్రతిని, అంతకుముందు సంవత్సరాల పహాణీలను, వసూలు లెక్కలను అన్నిటినీ దిద్దడం కష్టం. దిద్దినా సిరా రంగు మారేది, దస్తూరీ తేడా కనిపించేది, వరుసగా పది సంవత్సరాల పహాణీలు పక్కపక్కన పరిస్తే ఏ ఏడాది పేరు మారిందో, దానికి ఫౌతీ ఉత్తర్వు (పట్టాదారు చనిపోయాక వారసుల పేరు ఎక్కించే ఉత్తర్వు) ఉందో లేదో బయటపడేది. మంచి రెవెన్యూ వకీలు చేసే పని అదే. ఏళ్ల తరబడి నకళ్లు తీయించి, వాటిని వరుసలో పెట్టి, గొలుసు ఎక్కడ తెగిందో చూపించేవాడు. ఇవాళ కంప్యూటర్ ఫోరెన్సిక్స్ నిపుణుడు ఒక ఫైలు పుట్టిన సమయం, చివరిగా మార్చిన సమయం, మార్చినవాడి లాగిన్ చూసి చెప్పేది కూడా ఇదే జాతి సంగతి. కొలిచే సాధనం మారింది, తర్కం మారలేదు.

ఆంధ్ర మహాసభకు ముందున్న ఆంధ్ర జన సంఘం చేసిన ఒక పనిని ఈ వెలుగులో చూడాలి. వెట్టిచాకిరీ మీదా, వర్తకుల హక్కుల మీదా ప్రభుత్వ నిబంధనలు అప్పటికే ఉన్నాయి. అవి ఉన్నట్టు జనానికి తెలియదు. సంఘం వాటిని తెలుగులో చిన్న పుస్తకాలుగా అచ్చువేసి పంచింది. కొత్త చట్టం ఏదీ రాలేదు. ఉన్న రాతకు ఒక ప్రతి సామాన్యుడి చేతికి వచ్చింది, అంతే. దానితోనే పటేల్‌నూ దేశ్‌ముఖ్‌నూ ప్రశ్నించే బలం కొంత వచ్చింది. బహిరంగ సభ పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలన్న గష్తీ నిషాన్ 53 ఆంక్షల కాలంలో జోగిపేట సభలో తెలుగులో మాట్లాడటం కూడా ఆ వరుసలోనిదే. రికార్డు ఎవరి భాషలో ఉంది, దాన్ని చూసే దారి ఎవరికుంది అన్నది పరిపాలనా సౌలభ్యానికి సంబంధించిన చిన్న విషయం కాదని ఆ తరం వకీళ్లు గ్రహించారు.

1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసిన తర్వాత వచ్చిన మార్పుల్లో ఒకటి ఇప్పటికీ కోర్టుల్లో బతికుంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. భూమి మీద నిజంగా ఎవరున్నారో తేల్చాల్సిన అవసరం పడింది. అధికారులు పొలాల్లోకి వెళ్లి చూసి రాసిన లెక్క 1954-55 నాటి ఖాస్రా పహాణీ. డెబ్భై ఏళ్లు దాటినా మెదక్, సంగారెడ్డి జిల్లాల భూతగాదాల్లో వకీలు మొదట అడిగే కాగితాల్లో అది ఒకటి. దానికంత విలువ రావడానికి కారణం, అది పొలం దగ్గర, అందరూ చూస్తుండగా, పట్టాతోపాటు స్వాధీనాన్ని కూడా రాసిన రికార్డు కావడం. పహాణీలో పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి మరొకటి. ఈ రెండు గడుల్లో ఒకే పేరు ఉంటే గొడవ తక్కువ. రెండు వేర్వేరు పేర్లుంటే అక్కడ ఒక కథ ఉన్నట్టు: కౌలు, తాకట్టు, అన్నదమ్ముల పంపకం, లేదా తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా. స్టాంపూ రిజిస్ట్రేషనూ లేకుండా కొన్న రైతుకు కోర్టులో ఆధారమంటూ ఉంటే, ఏళ్ల తరబడి అనుభవదారు గడిలో నిలిచిన తన పేరే. మంజీర మీద సింగూరు జలాశయం కట్టినప్పుడు ముంపు పరిహారానికి ఎవరు అర్హులన్న ప్రశ్నకూ ఇలాంటి గడులే జవాబు చెప్పాల్సి వచ్చింది. ఒక రికార్డులో ప్రధాన సమాచారం ఎంత ముఖ్యమో, దాని పక్కన ఉన్న చిన్న గడి కూడా అంతే ముఖ్యం. దాని విలువ తగాదా వచ్చేదాకా తెలియదు.

ఇదే సీమలో భూమి తర్వాత అంత పెద్ద తగాదా నీటి మీద వచ్చింది. వెనుకబడిన ప్రాంతమన్న రాయితీలతో 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు పెరిగాయి. మందుల తయారీకి కావాల్సిన రసాయనాల ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగులోకి, అక్కడినుంచి మంజీరలోకి చేరాయి. వాగు ఒడ్డు రైతులకు పంట పోయింది, బావి నీళ్లు చెడ్డాయి. వైద్యుడు అల్లాని కిషన్‌రావు వంటివారు ముందు నిలిచి పోరాడారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసు 2001లో హైకోర్టుకు, ఆ తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి పాతికేళ్లకు పైగా నడిచింది. అందులో అడుగడుగునా ఎదురైన చిక్కు సాక్ష్యానిదే. నీరు పారిపోతుంది. నిన్న వదిలిన విషం ఇవాళ వాగులో ఉండదు. ఎవరు, ఎప్పుడు, ఎంత వదిలారన్నది ఎలా రుజువు చేయాలి?

దీనికి 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 21వ సెక్షన్ ఒక పద్ధతి చెప్పింది. కాలుష్య మండలి అధికారి ఫ్యాక్టరీ నిర్వాహకుడికి నోటీసు ఇచ్చి, అతని ఎదుటే నమూనా తీయాలి. అక్కడే దాన్ని రెండు భాగాలు చేయాలి. ఒక్కో భాగాన్ని ఒక్కో సీసాలో పోసి, గుర్తు వేసి, సీలు వేసి, అధికారీ నిర్వాహకుడూ ఇద్దరూ సంతకం చేయాలి. ఒక సీసా మండలి ప్రయోగశాలకు వెళుతుంది. నిర్వాహకుడు కోరితే రెండోది చట్టం గుర్తించిన మరో ప్రయోగశాలకు వెళుతుంది. రెండు సీసాలు, రెండు సంతకాలు, రెండు ప్రయోగశాలలు. ఈ చిన్న తంతులో సాక్ష్యశాస్త్రమంతా ఉంది. ఒకే పదార్థానికి రెండు ప్రతులు, ఎదుటి పక్షం సమక్షం, ముట్టుకుంటే తెలిసిపోయే సీలు. హార్డ్ డిస్కును స్వాధీనం చేసుకున్న దర్యాప్తు అధికారి చేయాల్సింది కూడా ఇదే. అసలు డిస్కును కదపకుండా దాని నకలు తీసి, ఆ క్షణంలో దాని హ్యాష్ విలువ లెక్కగట్టి రాసి ఉంచాలి. హ్యాష్ విలువ అంటే ఫైలులోని ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని వచ్చే ఒక పొడవాటి సంఖ్య. ఒక్క కామా మార్చినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. సీసా మీద లక్క సీలు చేసే పనిని డేటా విషయంలో ఆ సంఖ్య చేస్తుంది.

రెండో ప్రతి లేనప్పుడు ఏమవుతుందో కూడా పటాన్‌చెరే చూపించింది. ఇక్కడి ఫ్యాక్టరీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం 1994లో మొదలైంది. కేంద్రం ఉంది, పరీక్షలు జరుగుతున్నాయి, లెక్కలు రాస్తున్నారు. కానీ ఆ లెక్కల్లో యాంటీబయాటిక్స్ కోసం ఎవరూ వెతకలేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం వదిలే నీటి నమూనాలను స్వతంత్రంగా పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ప్రపంచమంతా ఈ సీమ వైపు చూసింది. ఆ అధ్యయనం బలం పరికరం ఖరీదులో లేదు, రికార్డు రాసేవాళ్లతో సంబంధం లేనివాళ్లు చూడటంలో ఉంది. తర్వాత 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల పరిశ్రమలకూ ఉమ్మడి శుద్ధి కేంద్రాలకూ ఆన్‌లైన్ సెన్సర్లు పెట్టాలని ఆదేశించింది. సెన్సర్ రాత్రింబవళ్లు అంకెలు పంపుతుంది. మంచిదే. కానీ 1974లో రాసిన సెక్షన్ మాట్లాడింది సీసా గురించి. సెన్సర్‌ను ఎప్పుడు సరిచేశారు, ఎప్పుడు ఆపారు, అంకెలు దారిలో ఎక్కడెక్కడ ఆగాయి అనే చరిత్ర వాగు ఒడ్డు రైతుకు కూడా దొరికితేనే ఆ అంకె రెండో సీసాతో సమానమవుతుంది.

కంప్యూటర్ రాతను కోర్టు ఎలా నమ్మాలన్న ప్రశ్నకు మన చట్టం ఒక పాత మార్గం పట్టుకుంది. బ్యాంకు ఖాతా పుస్తకాన్ని కోర్టుకు మోసుకురాకుండా, ధృవీకరించిన నకలు చాలని 1891లోనే బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం చెప్పింది. 2000లో వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఆ ధోరణిలోనే సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్ చేర్చింది. కంప్యూటర్ ప్రింటుతోపాటు, ఆ కంప్యూటర్‌ను మామూలుగా ఏ పనికి వాడుతున్నదీ, అది సరిగా పనిచేస్తున్నదీ చెప్పే బాధ్యుడి సర్టిఫికెట్ ఉండాలన్నది దాని సారం. కోర్టులు మొదట తడబడ్డాయి. పార్లమెంటు మీద దాడి కేసులో 2005లో సుప్రీంకోర్టు సర్టిఫికెట్ లేకపోయినా ఇతర పద్ధతుల్లో రుజువు చేయవచ్చంది. 2014లో అన్వర్ కేసులో తప్పనిసరి అంది. 2018లో మళ్లీ సడలించింది. 2020 జులైలో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తప్పనిసరే అని తేల్చింది. సర్టిఫికెట్ ఇవ్వాల్సినవాడు ఇవ్వకపోతే, కక్షిదారుడు కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చని కూడా చెప్పింది. ఈ రెండో మాట మొదటిదానికంటే విలువైనది. ఎందుకంటే డేటా ఎదుటివాడి చేతిలో ఉన్నప్పుడు సర్టిఫికెట్ కూడా ఎదుటివాడి చేతిలోనే ఉంటుంది.

తెలుగునేల మీద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అతిపెద్ద పరీక్ష సత్యం కంప్యూటర్స్ కేసు. 2009 జనవరి 7న కంపెనీ అధిపతి రామలింగరాజు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకున్నారు. దర్యాప్తులో కంపెనీ సొంత ఇన్‌వాయిస్ వ్యవస్థలోనే ఏడు వేలకు పైగా నకిలీ ఇన్‌వాయిస్‌లు బయటపడ్డాయి. ప్రత్యేక లాగిన్‌తో వాటిని సృష్టించి, ఇతర విభాగాలకు కనపడకుండా దాచే ఏర్పాటు చేసుకున్నారని దర్యాప్తు సంస్థలు చూపించాయి. హైదరాబాదు ప్రత్యేక కోర్టు 2015 ఏప్రిల్ 9న శిక్షలు విధించింది. అప్పీలు దశలో వాటి అమలు నిలిచింది. ఈ కేసు నేర్పే పాఠం రెండు వైపులా ఉంది. డేటాబేసులో దాచిన మోసాన్ని డేటాబేసే బయటపెట్టింది. ఎవరి లాగిన్, ఏ రోజు, ఏ గుర్తు అనే జాడ చెరిగిపోలేదు. అదే సమయంలో, ఏళ్ల తరబడి ఆ మోసం సాగడానికి కారణం బ్యాంకు నిల్వల విషయంలో కంపెనీ ఇచ్చిన కాగితాలనే ఆడిటర్లు నమ్మి, బ్యాంకుల దగ్గరున్న అసలు లెక్కతో స్వతంత్రంగా సరిచూడకపోవడం. తహసీలు ప్రతితో పోల్చకుండా పట్వారీ పహాణీని నమ్మితే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది.

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలకు ఈ పాఠం మరో దారిలో ముందే చేరింది. అమెరికాకు మందులు పంపాలంటే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ నియమాలకు లోబడాలి. 1997లో అమల్లోకి వచ్చిన వారి ఎలక్ట్రానిక్ రికార్డుల నియమం, ప్రతి మార్పునూ సమయంతో సహా కంప్యూటరే నమోదు చేయాలనీ, కొత్త రాత పాత రాతను కప్పేయకూడదనీ చెప్పింది. దీన్ని ల్యాబుల్లో ఆడిట్ ట్రెయిల్ అంటారు. పరీక్ష ఫలితం నచ్చక మళ్లీ చేస్తే, మొదటిది కూడా అక్కడే కనపడాలి. అమెరికా పేటెంట్ వ్యాజ్యాలు ఈ సీమను నేరుగా తాకాయి. 1984 నాటి అక్కడి జెనరిక్ మందుల చట్టం ఆధారంగా మన కంపెనీలు పేటెంట్లను సవాలు చేయడం మొదలుపెట్టాయి. బొల్లారంలో పునాదులున్న డాక్టర్ రెడ్డీస్ 2001లో ఫ్లూక్సెటిన్ 40 మిల్లీగ్రాముల మందుకు ఆరు నెలల ప్రత్యేక అమ్మకపు హక్కు పొందింది. అలాంటి వ్యాజ్యానికి దిగినవాడు తన ల్యాబు పుస్తకాలు, ఈమెయిళ్లు ఎదుటి పక్షానికి అప్పగించక తప్పదు. 2006 డిసెంబరులో అమెరికా తన సివిల్ నియమాలను సవరించి ఎలక్ట్రానిక్ సమాచారాన్ని పేరుపెట్టి అందులో చేర్చింది. అంటే, విదేశీ కొనుగోలుదారుకూ విదేశీ కోర్టుకూ మార్పుల జాడ చూపించడం ఈ పారిశ్రామికవాడకు అలవాటైంది. అదే సీమలోని జోగిపేట రైతుకు తన భూమి రికార్డు విషయంలో అదే జాడ దొరకలేదు. నా వాదనకు ఆయువుపట్టు ఈ తేడాయే.

ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. వంశపారంపర్య కలం పోయింది. రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు 1998లో కంప్యూటర్లు వచ్చాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం భూరికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టి, తగాదా లేని భూములను పార్ట్-ఎలో, తగాదా ఉన్నవాటిని పార్ట్-బిలో వేసింది. 2020లో కొత్త పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం తెచ్చి, గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) దగ్గరి రికార్డులు తీసుకుని, ఆ పోస్టులు రద్దుచేసి, అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభించింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకేరోజు తహసీల్దారు ముందు జరిగిపోయే సౌకర్యం నిజంగా వచ్చింది. దానితోపాటు మూడు నష్టాలు వచ్చాయి. అనుభవదారు గడి పోయింది. రెవెన్యూ కోర్టులు పోయి, అప్పీలు దారి మూసుకుపోయి, తప్పు దిద్దమంటే సివిల్ కోర్టుకు వెళ్లమన్నారు. ఊరి ప్రతి, తహసీలు ప్రతి అనే తేడా పోయి, ఉన్న రికార్డంతా ఒకే తెర మీదికి వచ్చింది. ముందురోజు దాకా మామూలుగా ఉన్న సర్వే నంబరు మర్నాడు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో కనపడితే, దాన్ని ఎవరు, ఏ ఉత్తర్వుతో, ఏ రోజు చేర్చారో రైతుకు చెప్పే గడి ఆ తెర మీద ఉండేది కాదు. సమాచార హక్కు చట్టం కింద పాత పహాణీల నకళ్లు తీయించుకుని వరుస పేర్చే వకీలు విద్య, 2020 దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

కాగితం రోజులు అంత మంచివా అని అడగవచ్చు. కావు. పట్వారీ లంచాలు, దిద్దిన పేర్లు, చెదలు తిన్న పహాణీలు, కావాలని మాయం చేసిన పేజీలు ఈ జిల్లాల్లో ప్రతి ఊరికీ తెలిసినవే. కంప్యూటర్ వాటిలో చాలావాటిని ఆపగలదు, కాగితం ఎన్నడూ ఇవ్వలేనంత కచ్చితమైన జాడనూ ఇవ్వగలదు. నేను పాత మూటలు తిరిగి రావాలని కోరడం లేదు. కాగితానికి దొంగతనం తెలిసిపోయే ఒక గుణం దానంతటదే ఉండేది. సిరా, దస్తూరీ, వేరేచోట ఉన్న ప్రతి ఆ పని చేసేవి. డేటాబేసుకు ఆ గుణం దానంతటదే రాదు. కట్టేవాళ్లు పెట్టాలి, నడిపేవాళ్లు కాపాడాలి, అడిగినవాళ్లకు చూపాలి. పెట్టకపోతే, మార్చిన రికార్డు మార్చనిదానిలాగే శుభ్రంగా కనపడుతుంది. ఆ శుభ్రత చూసి నమ్మడమే ప్రమాదం.

సర్టిఫికెట్లు, హ్యాష్ విలువలు ఒట్టి తతంగమనీ, మన 65బికి నమూనా అయిన 1968 నాటి ఆంగ్ల నియమాన్ని ఇంగ్లండే 1995లో వదిలేసిందనీ మరో అభ్యంతరం. వాస్తవమే. క్రిమినల్ కేసుల్లో కూడా 1999లో చట్టం చేసి అలాంటి నిబంధన తీసేశారు. కంప్యూటర్ సరిగా పనిచేస్తుందనే భావన మిగిలింది. ఆ తర్వాత ఏమైందో ప్రపంచం చూసింది. బ్రిటన్ పోస్టాఫీసులో హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ చూపించిన లోటు ఆధారంగా 900 మందికి పైగా పోస్ట్‌మాస్టర్లు దొంగతనం, తప్పుడు లెక్కల నేరాలకు దోషులయ్యారు. కొందరు జైలుకెళ్లారు, ఆస్తులు పోగొట్టుకున్నారు. లోటు వాళ్లది కాదు, సాఫ్ట్‌వేర్‌దే. దాన్ని నడిపే కంపెనీ దూరం నుంచి ఖాతాల్లో మార్పులు చేయగలదన్న సంగతిని పోస్టాఫీసు ఏళ్లపాటు ఒప్పుకోలేదు. మాజీ పోస్ట్‌మాస్టర్ ఆలన్ బేట్స్ నాయకత్వంలో పోస్ట్‌మాస్టర్లు వేసిన దావాలో తెలిసిన లోపాల చిట్టా బయటికి వచ్చాక, 2019లో లండన్ హైకోర్టు వాళ్ల పక్షం తీర్పు చెప్పింది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టంతో దోషనిర్ధారణలను రద్దు చేసింది. చదువుకున్న, స్వభాషలో రికార్డున్న, లాయర్లు దొరికే దేశంలోనే ఇలా అయింది. తతంగం అనిపించినదాన్ని తీసేసి, దాని చోట ఎదుటి పక్షానికి చిట్టా చూసే హక్కు పెట్టకపోతే జరిగేది ఇదే.

ఇక ఖర్చు, భారం. అమెరికాలో ఎలక్ట్రానిక్ డిస్కవరీ లక్షల పేజీలు తవ్వే పరిశ్రమ అయిపోయింది, జూనియర్ సివిల్ జడ్జి కోర్టు దాన్ని మోయలేదు అంటారు. మొత్తం తవ్వమని ఎవరూ అడగడం లేదు. భూతగాదాలో కావాల్సింది ఒక సర్వే నంబరు మార్పుల చరిత్ర, కాలుష్య కేసులో ఒక సెన్సర్ ఒక నెల చిట్టా. మన చట్టంలో దారి కూడా ఉంది. 1908 నుంచి సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ ఆర్డర్ పత్రాలు చూపించమని అడిగే హక్కు ఇచ్చింది. 2015 వాణిజ్య న్యాయస్థానాల చట్టం దాన్ని తిరగరాసి, ఎలక్ట్రానిక్ రికార్డులను కూడా కక్షిదారులు ముందే బయటపెట్టాలంది. అయితే ఆ కొత్త నియమం వాణిజ్య వివాదాలకే. రెండు కంపెనీల తగాదాలో సర్వర్ తెరుచుకుంటుంది, ఇద్దరు అన్నదమ్ముల భూమి తగాదాలో తెరుచుకోదు. ఈ తేడాకు న్యాయమైన కారణం నాకు కనపడటం లేదు.

చివరిది, అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. చిట్టా ఇచ్చినా సామాన్యుడు చదవగలడా? చదవలేడు. ఉర్దూ పహాణీని కూడా 1930లో రైతు చదవలేదు. అతని తరఫున చదివేవాళ్లు తయారయ్యారు, వాళ్లు నేర్చుకున్నది తెలుగులో చెప్పారు. ఇప్పుడు కావాల్సిందీ అదే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్, సర్టిఫికెట్‌ను రెండు భాగాలు చేసింది. ఒకటి కక్షిదారుడు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి; రెండిటిలోనూ హ్యాష్ విలువ రాయాలి. నిపుణుడు సొంత ఖర్చుతో వెతుక్కోవాల్సినవాడైతే, ఈ నియమం డబ్బున్నవాడి ఫోన్ రికార్డింగుకు తలుపు తీసి, లేనివాడిదానికి మూసేస్తుంది. ఇక్కడ జిల్లా న్యాయసేవాధికార సంస్థలు, బార్ అసోసియేషన్లు, ప్రభుత్వ ఫోరెన్సిక్ విభాగాలు పూనుకోవాలి. సంగారెడ్డి జిల్లా కోర్టు స్థాయిలో ప్రభుత్వ ఖర్చుతో అందుబాటులో ఉండే డిజిటల్ సాక్ష్య నిపుణుడు విలాసం అనిపించుకోడు. పహాణీ చదవగల వకీలు ఒకప్పుడు ఎంత అవసరమో ఇతనూ అంతే అవసరం.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. కొత్త చట్టం అప్పీలు దారి తిరిగి తెరిచింది, గ్రామ లెక్కలను ఏటేటా సరిచూసే పద్ధతిని మళ్లీ తలకెత్తుకుంది. అంటే పాత వ్యవస్థలోని మంచిని వదులుకోవడం పొరపాటని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఇది సగం దూరం. మిగిలిన సగం కోసం మూడు పనులు జరగాలి. ప్రతి సర్వే నంబరుకూ పూర్తి మార్పుల చరిత్ర, మార్చిన అధికారి హోదా, ఉత్తర్వు నంబరు, తేదీతో సహా, తెలుగులో, పట్టాదారుతోపాటు ఆ భూమి మీద హక్కు కోరే ప్రతి ఒక్కరికీ మీసేవలో నకలుగా దొరకాలి. ఏడాదికోసారి ఊరి రికార్డు మొత్తానికి హ్యాష్ విలువ లెక్కగట్టి గ్రామసభలో ప్రకటించి, ఆ ప్రతిని రెవెన్యూ శాఖ చేతిలో లేని మరోచోట, జిల్లా కోర్టు దగ్గరైనా సరే, భద్రపరచాలి. అప్పుడు తహసీలు ప్రతి మళ్లీ పుట్టినట్టే. 2015 వాణిజ్య చట్టం ఇచ్చిన ఎలక్ట్రానిక్ రికార్డుల వెల్లడి నియమాన్ని భూమి, కాలుష్య దావాలకు కూడా విస్తరించాలి. వీటిలో ఏదీ సాంకేతికంగా కష్టం కాదు. పటాన్‌చెరు ల్యాబుల్లో విదేశీ కొనుగోలుదారు కోసం రోజూ చేస్తున్నదే. దాన్నే మంజీర ఒడ్డు రైతు కోసం చేయమని అడగడానికి మనకు పూర్తి హక్కుంది.